టస్కనీ సింహానికి నాలుగో అంచు

నల్ల పళ్ళెంలో పెట్రోలు పోసి, సింహం బొమ్మ ఉన్న పాత తపాలా బిళ్ళను అందులో బోర్లా వేసి, అతుకులమ్మ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. తడిస్తేనే బయటపడే, కాగితంలో దాగున్న కిరీటం ముద్ర కనిపిస్తుందనుకున్న చోట ఒక గీత కనిపించింది.

కళ్ళజోడుకి వెంట్రుక అంటుకుందేమో అనుకుంది. తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. గీత కదల్లేదు. బిళ్ళ అంచు వెంబడి కింద కాస్త వెడల్పుగా మొదలై, పైకి పోయేకొద్దీ సన్నబడి, చివర కామాలాంటి చిన్న వంకరతో ఆగింది. పెట్రోలు ఆరిపోయింది. గీత మాయమైంది. మళ్ళీ పోసింది. మళ్ళీ వచ్చింది.

ఆ గీత ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు కాగితాలను ఏటవాలుగా పలచన చేసి, ఒకదాని మీద ఒకటి అతికించిన చోటు అది. అతుకు అని తెలియగానే భూతద్దం అందుకుంది. ఆ చివరి వంకర ఎవరిదో తెలిశాక దాన్ని కింద పెట్టేసింది. చెవులు మూసుకుపోయినట్టు, వీధిలో బండ్ల చప్పుడు కూడా ఎక్కడో దూరంగా వినిపించింది.

ఆమె రికార్డుల ఆఫీసులో పాత కాగితాలు బాగుచేస్తుంది. చెదలు తిన్న దస్తావేజులు, తడిసి ముద్దయిన పటాలు, మడతల దగ్గర చిరిగిన ఒప్పందాలు ఆమె బల్ల మీదికి ముక్కలుగా వచ్చి ఒక్కటై వెళతాయి. మొదట ఎవరో వేళాకోళానికి అతుకులమ్మ అన్నారు. ముప్పై ఏళ్ళు తిరిగేసరికి పై అధికారి కూడా అలాగే పిలుస్తున్నాడు. మొగుడు దర్జీ. ఇంటి ముందు గదిలోనే కుట్టుమిషను. "నేను గుడ్డకి, మా ఆవిడ కాగితానికి. మా ఇంట్లో అతుకు పడనిది నా నోరొక్కటే," అంటాడు కొలతలకు వచ్చినవాళ్ళతో.

ఆదివారాలు మాత్రం ఆమె పాత యూరప్ తపాలా బిళ్ళలతో గడుపుతుంది. ఈ పిచ్చి ఆమెకు మేనమామ దగ్గర అంటుకుంది. పందొమ్మిదో శతాబ్దంలో, బిళ్ళలు పుట్టిన కొత్తలో, వాటి చుట్టూ చిల్లులు ఉండేవి కావు. కాగితం నిండా బిళ్ళలు అచ్చు వేసి పంపితే, తపాలా గుమాస్తా కత్తెరతో కోసి అమ్మేవాడు. గుమాస్తాకి ఎప్పుడూ తొందరే. కత్తెర బొమ్మలోకి పోయేది. అందుకే నాలుగు వైపులా తెల్ల అంచు మిగిలిన బిళ్ళ దొరకడం అరుదు, దొరికితే దాని వెలే వేరు. టస్కనీవైతే మరీను. ఇటలీ అంతా ఒక్కటి కాకముందు అదొక చిన్న రాజ్యం. 1851లో వాళ్ళు తెచ్చిన బిళ్ళ మీద కిరీటం పెట్టుకున్న సింహం డాలు మీద పంజా వేసి కూర్చుని ఉంటుంది. బిళ్ళకీ బిళ్ళకీ మధ్య వదిలిన జాగా గోటి అంచంత. "వాటిది అద్దెకొంపల కాపురం. ఒకడికి అంచు దక్కిందంటే పక్కవాడికి పోయినట్టే," అనేవాడు మేనమామ.

ఆ ఊళ్ళో ఇలాంటి బిళ్ళలు దాచుకునేవాళ్ళు పదిహేడుమంది. నెలకోసారి గ్రంథాలయం వెనక గదిలో కలుస్తారు. బిళ్ళ మీద ఎవరైనా మరమ్మతు చేశారేమో తేల్చాల్సి వస్తే అతుకులమ్మ దగ్గరికే వస్తారు. పళ్ళెంలో ముంచి, భూతద్దంతో చూసి, చిన్న కార్డు మీద "చెయ్యి పడనిది" అని రాసి సంతకం పెడితే చాలు. ఆ కార్డు ఉన్న బిళ్ళను ఇంకెవరూ అనుమానించరు. అన్నదమ్ముల మాట నమ్మనివాడు కూడా ఆ కార్డును నమ్ముతాడు. ఆమెకు ఉన్న గొప్ప అదొక్కటే. దాన్ని ఆమె ఎప్పుడూ పైకి అనలేదు గానీ, కార్డు మీద సంతకం పెట్టేటప్పుడు కాస్త నిటారుగా కూర్చుంటుంది.

ఈ సింహాలు మేనమామ ఇచ్చినవి. మొత్తం పన్నెండు. కళ్ళు మసకబారాయని పోయిన నెలలో ఆల్బం తెచ్చి ఒళ్ళో పెట్టాడు. కొత్త పుటల్లో అతికించే ముందు, ఏ బిళ్ళ మీద కిరీటం ముద్ర ఏ మేరకు పడిందో కింద రాసుకుందామని ఇవాళ పళ్ళెం తీసింది. అంతేగాని అనుమానించి కాదు. మేనమామ చేతిమీదుగా వచ్చిన దేన్నీ ఆమె ఇన్నేళ్ళలో పెట్రోల్లో ముంచలేదు. అమ్మ పోసిన పాలని ఎవరైనా పరీక్షకు పంపుతారా?

పన్నెండూ ముంచింది. తొమ్మిదింటికి గీత వచ్చింది. తొమ్మిదింటికీ చివర వంకర ఉంది.

కాఫీ అడగడానికి లోపలికొచ్చిన దర్జీ, భార్య మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమైంది? ఎవరైనా పోయారా?"

"ఇటు రండి. ఇది చూడండి."

అతను వంగి చూశాడు. "గీతలా ఉంది. అయితే?"

"నాది."

"నీదంటే?"

"ఆ అతుకు నాది. నేను ఎడంచేత్తో కోస్తానా, అందుకే కింది నుంచి పైకి సన్నబడుతుంది. చివర బ్లేడు ఎత్తేటప్పుడు చెయ్యి ఒకసారి ఎగురుతుంది. దాన్నే మావయ్య తోక అనేవాడు. తోక తీసెయ్యవే, తోక తీసెయ్యవే అని ఐదేళ్ళు తిట్టాడు."

"ఇంకొకళ్ళది అయ్యుండొచ్చుగా?"

"మీరు కుట్టిన కాజా మీరు పోల్చుకోలేరా?"

ఇరవై ఏళ్ళ కిందట కుట్టిన చొక్కా వీధిలో పోతుంటే వెనకనుంచి పోల్చిన మనిషి అతను. "ఎప్పుడు వేశావు మరి?" అన్నాడు.

దానికి జవాబు ఆమె దగ్గరుంది.

పందొమ్మిదో ఏట మేనమామ పుస్తకాలకు అట్టలు వేసే దుకాణంలో పనికి చేరింది. ఐదేళ్ళు చేసింది. రోజూ అట్టల పని అయ్యాక మేనమామ ఆమెకు చేతి సాధన పెట్టేవాడు. బల్ల మీద చిన్న చిన్న కాగితం ముక్కలు బోర్లా పరిచి, చుట్టూ ఇనుప బద్దలు బరువు పెట్టి ఉండేవి. పక్కన నీలిబూడిద రంగు కాగితం పేలికలు, పాత ఉత్తరాల చివర్లు. పేలికని ముక్కకి అతికించాలి. అవి పారేసే ముక్కలనీ, చెయ్యి తిరగడానికేననీ చెప్పాడు. ఒక్కటే నియమం. "వీపు మీద పనిచేసేవాళ్ళు ముఖం చూడకూడదు. ముఖం చూస్తే చెయ్యి బొమ్మ వెంట పోతుంది, కాగితం వెంట పోదు." అది నిజమైన మాటే. ఆఫీసులో కొత్తగా వచ్చినవాళ్ళకి ఇప్పటికీ ఆమె అదే చెబుతుంది.

ఒక్క ముక్కనీ ఆమె తిప్పి చూడలేదు. వారానికి రెండో మూడో. ఐదేళ్ళకి ఎన్నవుతాయో లెక్కవేయడానికి మనసు మొరాయించింది.

ఉన్నట్టుండి లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది.

"మాస్టారి సింహం!" అంది.

ఆ పదిహేడుమందిలో ఒకరైన డ్రాయింగు మాస్టారి దగ్గర ఒక టస్కనీ సింహం ఉంది. ఊళ్ళో ఉన్నవాటిలో అదే మేలైనది. ఎప్పుడో తన రెండు ఆల్బంలూ మొత్తం ఇచ్చేసి, దాన్ని ఆమె మేనమామ దగ్గర మార్చుకున్నాడు. వచ్చే శనివారం రాజధానిలో పెద్ద ప్రదర్శన. దేశం నలుమూలల నుంచీ వచ్చే పుటల్లో ఆ సింహం ఉన్న పుట ఒకటి. రేపు పొద్దున పార్సిలు వెళ్తుంది. దానితోపాటు "చెయ్యి పడనిది" అనే కార్డు. కింద అతుకులమ్మ సంతకం. ఆ బిళ్ళను కూడా ఆమె ముంచలేదు. మావయ్య దగ్గరిదే కదా అని భూతద్దంతో ముఖం చూసి రాసేసింది.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అన్నాడు దర్జీ, ఏదో ఒకటి అనాలి కాబట్టి. ఆమె చెప్పులు వేసుకుంటోంది.

మేనమామ దుకాణం రెండు వీధుల అవతల. ముందు భాగం ఇప్పుడు జిరాక్సు కొట్టు. వెనక గదిలో పాత ఇనుప ప్రెస్సు, మంచం, ఎనభై ఒకటి దాటిన మేనమామ. పని మానేసి పదేళ్ళయినా రోజూ బ్లేడు సాన పెట్టడం మానలేదు. ఇప్పుడూ రాయి మీద నూనెచుక్క వేసి అదే చేస్తున్నాడు.

"రావే. చెప్పుల చప్పుడు వింటే అప్పు తీర్చమని వచ్చినట్టున్నావు."

"మావయ్యా, ఆ సింహాలకి అంచులు నేను వేశానా?"

బ్లేడు ఆగలేదు. "ఇప్పుడా చూడ్డం?"

"నేనేనా?"

"మరెవరు? నా చేతికి అంత నాజూకు ఎక్కడిది? ముఖం మీద కత్తెర తినేసిన గీతలు మళ్ళీ గీసింది నేను. వీపు మీద పని నీది." బ్లేడు వెలుగుకి ఎత్తి చూసుకున్నాడు. "తొమ్మిదింటికే కదూ? మూడు అసలువే. వాటినీ నమ్మకుండా పోయేవు."

ఆమె తలుపు పట్టుకుని నిలబడింది. కాదంటాడనీ, కసురుతాడనీ, ఏడుస్తాడేమోననీ దారంతా అనుకుంటూ వచ్చింది. పొయ్యి మీద పాలెన్ని ఉన్నాయో చెప్పినట్టు చెబుతాడని అనుకోలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

మేనమామ మొదటిసారి తలెత్తాడు. అతని మొహంలో నిజంగానే ఆశ్చర్యం ఉంది. "చెప్పేదేముంది? నీకు తెలుసనుకున్నానే."

"ఎలా తెలుస్తుంది? ముఖం చూడొద్దన్నావు."

"వద్దంటే చూడనివాళ్ళు ఉంటారా?" అన్నాడు. "మా గురువు నాతోనూ అలాగే అన్నాడు. ఆయన అటు తిరగ్గానే తిప్పి చూశా. ఎవరైనా చూస్తారు. నువ్వూ చూసే ఉంటావు, తెలివైంది కాబట్టి నోరు మెదపలేదు అనుకున్నా. కార్డులు రాయడం మొదలెట్టాక అయితే, ఆహా, దీనికి నాకన్నా గుండెధైర్యం ఎక్కువే అనుకున్నా."

ముప్పై ఏళ్ళుగా ఈ మనిషి తనని తోడుదొంగ అనుకుంటూ ఆశీర్వదిస్తూ వచ్చాడు. పండో పలహారమో పెట్టి, వీపు తట్టి పంపిన ప్రతిసారీ అదే అనుకుని ఉంటాడు.

"మాస్టారిది?" అంది చివరికి.

"వాడిదా?" మేనమామ మొహం విప్పారింది. "నువ్వు వేసినవాటిల్లో అదే మేలు. తోక లేదు దానికి. గుర్తులేదూ? కిటికీ దగ్గర పట్టుకుని చూసి, రేపు పొద్దున ఈ అతుకు ఎక్కడుందో నేనే కనిపెట్టలేను అన్నాను. ఆ పూట దుకాణం మూసేశాం కూడాను."

గుర్తుంది. ఐదేళ్ళలో అతను మెచ్చుకున్నది ఆ ఒక్క రోజే. పెళ్ళైన వారానికి మొగుడికి చెప్పింది. ఆఫీసులో కొత్తవాళ్ళు చెయ్యి కుదరక కళ్ళనీళ్ళు పెట్టుకుంటే వాళ్ళకీ చెబుతుంది, నాకూ ఐదేళ్ళు పట్టింది, ఒక రోజు ఇలా జరిగింది అని. తన బతుకులో అంత మంచి రోజు మరొకటి లేదని చెప్పుకుంటూ వచ్చింది.

"కూర్చో, నిలబడిపోయావేం?" అన్నాడు మేనమామ.

ఆమె కూర్చోలేదు. వీధిలోకి వచ్చాక ఎటు తిరగాలో కాసేపు తోచలేదు. పుట్టి పెరిగిన వీధి అది.

డ్రాయింగు మాస్టారు కిటికీ పక్క బల్ల మీద పార్సిలు కడుతున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి పరీక్షకు పోయే పిల్లాడిలా హడావిడిగా ఉన్నాడు.

"అమ్మాయ్, సమయానికొచ్చావు! ఇదిగో, ఈ ముడి మీద వేలు పెట్టు."

ఆమె వేలు పెట్టింది. ఆయన దారం బిగించాడు.

"మాస్టారూ, విప్పండి."

"ఇప్పుడేగా వేశాం?"

"కార్డు రాసినప్పుడు నేను దాన్ని పెట్రోల్లో ముంచలేదు. ముంచకుండా సంతకం పెట్టాను."

మాస్టారు ఆమెను ఎగాదిగా చూశాడు. తిట్టలేదు. ముడి విప్పి, పుటలోంచి సింహాన్ని చిమటాతో తీసి, తన పళ్ళెంలో తనే పెట్రోలు పోశాడు. భూతద్దం పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏదీ? ఏమీ లేదు. కడిగిన ముత్యంలా ఉంది." భూతద్దం ఆమెకిచ్చాడు.

ఆమె చూసింది. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. గీత లేదు. ఎంత వెతికినా లేదు. పక్కన మాస్టారు తేలిగ్గా ఊపిరి వదలడం వినిపించింది. ఇప్పుడు ముడి మళ్ళీ వేసేస్తే సరిపోతుంది. ఈ భూమ్మీద దాన్ని పట్టుకోగల మనిషి ఇంకొకరు లేరు.

"ఉంది మాస్టారూ," అంది.

"నీకు కనపడిందా?"

"లేదు."

"మరి?"

"వేసింది నేను."

ఆయన నవ్వబోయి ఆగాడు. ఆమె నిలబడే అంతా చెప్పింది. బోర్లా పరిచిన ముక్కలు, పేలికలు, తొమ్మిది గీతలు, మేనమామ మాటలు. మాస్టారు వింటూ బల్ల అంచు పట్టుకుని నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు.

"మీ మావయ్య నోరు తెరిస్తే అబద్ధమని నువ్వే అంటున్నావు. ఈ ఒక్క మాట నిజమని ఎలా నమ్ముతున్నావమ్మా? ముసలితనంలో ఏదో గొప్ప చెప్పుకుని ఉంటాడు."

"ఆ రోజు నాకు గుర్తుంది మాస్టారూ."

"రోజు గుర్తుంటే సరిపోతుందా? ముక్క ముఖం చూడలేదుగా నువ్వు?"

ఆమె మళ్ళీ పళ్ళెంలోకి చూసింది. మాస్టారే అడిగాడు. "నీళ్ళలో వేస్తే?"

"గోరువెచ్చటి నీళ్ళలో అతుకుంటే విడిపోతుంది. లేకపోతే బిళ్ళకేం కాదు. తపాలావాళ్ళు కొట్టిన నల్ల ముద్ర కూడా పోదు."

"అంత ఖాయమైతే నువ్వే వెయ్యి."

"నేను వెయ్యను. అది మీది."

మాస్టారు వంటింట్లోకి వెళ్ళాడు. లోతైన తెల్ల పళ్ళెంలో నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కాసిని ఒలికాయి. చిమటాతో సింహాన్ని పట్టుకుని, కాసేపు అలాగే పట్టుకుని, వదిలాడు.

ఐదు నిమిషాలు గడిచాయి. సింహం అడుగున కూర్చుంది. పది నిమిషాలు. "చూశావా," అన్నాడు మాస్టారు, గొంతు తగ్గించి. పదిహేను నిమిషాలకి ఆయన లేచి, దారం ముక్క తీసి వేలికి చుట్టుకోవడం మొదలెట్టాడు. ఆమె నీళ్ళకేసే చూస్తోంది. ఛాతీలో ఏదో మెల్లగా ఉబ్బుతోంది. భయం అనుకుంది. కాదు. ఇంకా ఊడలేదు, ఇంతసేపైనా ఊడలేదు, ఎంత బాగా వేశాను అని తన మనసు మురిసిపోతోంది. అది తెలిసిన క్షణాన ఆమె పళ్ళెం దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. పొద్దుట్నుంచీ విన్న ఏ మాటా ఆమెను అంతగా కుదపలేదు.

ఇరవై నిమిషాలు దాటాక బిళ్ళ కుడి అంచు ఒక మూల కదిలింది. తర్వాత సన్నటి పేలిక పైకి లేచి, ఒకసారి చుట్టు తిరిగి, పళ్ళెం గోడకు అంటుకుంది.

మాస్టారు కుంచె కొసతో పేలికని ఎత్తి అద్దుడు కాగితం మీద పరిచాడు. పక్కనే సింహాన్ని. గుమాస్తా కత్తెర బొమ్మ చుట్టూ ఉండే గీతను దాటి లోపలికి పోయింది. పోయిన గీత పేలిక మీద ఉంది, మేనమామ సిరాతో గీసినది, వెంట్రుకంత సన్నగా, తొణకకుండా.

"ముప్పై ఐదేళ్ళు పిల్లల గీతలు దిద్దాను," అన్నాడు మాస్టారు. వేలికి చుట్టుకున్న దారం విప్పుతూ కూర్చున్నాడు.

"క్షమించమని అడగడానికి కూడా..." అంది ఆమె.

"అడక్కు. నాకిప్పుడు ఏం చెప్పాలో తెలీదు."

కార్డు బల్ల మీదే ఉంది. ఆమె తీసుకుని, "చెయ్యి పడనిది" అన్నదాన్ని అడ్డంగా కొట్టేసింది. కింద, "కుడి అంచు అతికించినది. అతికించింది నేనే," అని రాసింది. సంతకం చేసేటప్పుడు అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మాస్టారు చదివి పక్కన పెట్టాడు.

"ఇలా ముంచకుండా ఇంకెన్ని రాశావు?"

"పదకొండు. అన్నీ మావయ్య దగ్గర తీసుకున్నవే."

"ఎవరెవరికి?"

"మొదటిది మందుల కొట్టాయనకి."

"వాడు ఇవాళ ఇంట్లోనే ఉంటాడు." మాస్టారు తెల్ల పళ్ళెంలో నీళ్ళు కిటికీలోంచి పారబోసి, తడి తుడవకుండానే ఆమె వైపు జరిపాడు. ఆయన కళ్ళు పేలిక మీదే ఉన్నాయి. "ఇది పట్టుకెళ్ళు. వాడింట్లో అన్నీ చదును పళ్ళేలే."